అవార్డు టికెట్ ధర రోజుకోలా మారుతుంటే మైల్స్‌తో ఎలా బుక్ చేయాలి

పొద్దున ఎయిర్‌లైన్ సైట్‌లో చూసినప్పుడు ఆ సీటు 34,000 మైల్స్ (ఎయిర్‌లైన్ తన ప్రయాణికులకి ఇచ్చే పాయింట్లు; వాటితో తీసుకునేదే అవార్డు టికెట్). ఇంట్లో అందరినీ అడిగి రాత్రికి బుక్ చేద్దామనుకున్నాను. రాత్రి పదింటికి మళ్లీ తెరిస్తే అదే తేదీ, అదే ఫ్లైట్, 57,000. నా ఖాతాలో ఉన్నవి 41,000. ఒక్క మైలు కూడా వాడకుండానే పొద్దున సరిపోయినవి రాత్రికి చాలకుండా పోయాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అవతలి వ్యక్తి ఎంతో మర్యాదగా "ప్రస్తుతం చూపిస్తున్న ధర అదేనండీ" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు.

ఆ తర్వాత నేను అలవాటు చేసుకున్న పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. ముందుగా "ఫ్రీ టికెట్" అన్న మాట బుర్రలోంచి తీసేయండి. మైల్స్ ఒక రకం డబ్బు. ఆ డబ్బు అచ్చేసేదీ, దానితో కొనే వస్తువుకి ధర కట్టేదీ ఒకే కంపెనీ. ఇది గుర్తుంటే మిగతాదంతా సులువుగానే అర్థమవుతుంది.

మీ ప్రోగ్రామ్ ఏ రకమో తేల్చుకోండి

1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ అనే మైల్స్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా మైలేజ్ ప్లస్‌తో దిగింది. తర్వాత చాలా ఏళ్లపాటు పద్ధతి ఒకటే: ఒక పట్టిక ఉంటుంది, ఫలానా ప్రాంతం నుంచి ఫలానా ప్రాంతానికి ఇన్ని మైల్స్ అని రాసి ఉంటుంది. అన్ని మైల్స్ కూడబెట్టుకుని, సీటు దొరికితే ఎగరడమే. డెల్టా 2015 ఫిబ్రవరిలో ఆ పట్టికను తన సైట్ నుంచి తీసేసింది. ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్‌ఎం వాళ్ల ఫ్లయింగ్ బ్లూ 2018లో, యునైటెడ్ 2019 నవంబర్‌లో అదే దారి పట్టాయి. ఇప్పుడు ఈ ప్రోగ్రామ్‌లలో అవార్డు ధర చాలావరకు నగదు టికెట్ ధరను, గిరాకీని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దీన్నే డైనమిక్ ప్రైసింగ్ అంటున్నారు.

మీ ప్రోగ్రామ్ ఏదో తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. మీకు కావలసిన రూట్ తీసుకుని, ఒక నెల క్యాలెండర్ తెరవండి. నెలంతా రెండు మూడు అంకెలే మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే అక్కడ ఇంకా పట్టిక బతికే ఉందన్నమాట. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్‌లో సేవర్, అడ్వాంటేజ్ అని రెండు పట్టిక ధరలు ఉంటాయి (ఇక్కడ అడ్వాంటేజ్ అంటే ధర పేరు, పైన చెప్పిన అమెరికన్ ప్రోగ్రామ్ కాదు). సేవర్ సీట్లు అయిపోతే అడ్వాంటేజ్ ధరకు పోవాలి, లేదంటే వెయిట్‌లిస్ట్. అలా కాకుండా సోమవారం 22,400, మంగళవారం 31,700, బుధవారం 18,900 అని ఏ రోజుకారోజు కొత్త అంకె వస్తుంటే అది డైనమిక్.

ఈ తేడా ఎందుకంటారా? పట్టిక ఉన్న చోట కష్టమంతా సీటు దొరకడం దగ్గరే. ధర ముందే తెలుసు కాబట్టి గురి పెట్టుకుని మైల్స్ కూడబెట్టవచ్చు. డైనమిక్ చోట సీటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది, కానీ ఆ ధర పెట్టాలా వద్దా అన్నది ప్రతిసారీ మీరే తేల్చుకోవాలి. అందుకని వెంటనే లెక్క నేర్చుకోవాలి.

ఒక్క మైలు ఎంత చేస్తుందో లెక్క కట్టండి

నగదు టికెట్ ధరలోంచి అవార్డు టికెట్ మీద ఎలాగూ కట్టాల్సిన టాక్సులు తీసేయండి. మిగిలినదాన్ని మైల్స్‌తో భాగించండి.

ఉదాహరణకి డాలర్లలో చూద్దాం. నగదు టికెట్ 420 డాలర్లు. అవార్డు టికెట్ 25,000 మైల్స్, పైన 20 డాలర్ల టాక్సు. 400ని 25,000తో భాగిస్తే మైలుకి 1.6 సెంట్లు. అదే ఫ్లైట్ మర్నాడు 45,000 మైల్స్ అయి, నగదు ధర మాత్రం కదలకపోతే మైలుకి 0.9 సెంటు కూడా రాదు. మొదటిది హాయిగా బుక్ చేయవచ్చు. రెండోదానికి మైల్స్ ముట్టుకోకుండా డబ్బు పెట్టి కొనుక్కోవడమే మేలు. పైగా నగదు టికెట్ మీద కొత్త మైల్స్ కూడా వస్తాయి, అవార్డు టికెట్ మీద మామూలుగా రావు.

మీకంటూ ఒక గీత గీసుకోండి. నా గీత ఎకానమీకి 1.3 సెంట్లు. దానికన్నా కిందికి దిగితే వదిలేస్తాను. మీది ఒకటి కావచ్చు, ఒకటిన్నర కావచ్చు. అంకె ఎంతన్నది పెద్ద విషయం కాదు, ముందే అనుకుని ఉండటం ముఖ్యం. లేకపోతే స్క్రీన్ మీద "ఇంకా 2 సీట్లే" అని ఎర్రగా కనిపించగానే చెయ్యి ఆగదు.

బిజినెస్ క్లాస్ దగ్గర ఈ లెక్క మనల్ని బోల్తా కొట్టిస్తుంది. 4,000 డాలర్ల సీటు 80,000 మైల్స్‌కి వస్తోందంటే మైలుకి 5 సెంట్లు, అబ్బో అనిపిస్తుంది. కానీ మీరు జేబులోంచి 4,000 తీసి ఆ సీటు కొనేవారా? కొనరు. మహా అయితే 1,200 పెట్టేవారేమో. అయితే మీకు అందిన విలువ మైలుకి ఒకటిన్నర సెంటే. అయినా బుక్ చేసుకోండి, కాళ్లు చాపుకుని నిద్రపోవడం కూడా విలువైనదే. ఐదు సెంట్లు మిగిల్చానని మాత్రం అనుకోవద్దు.

ఎలా వెతకాలి

లాగిన్ అయ్యాకే వెతకండి. కొన్ని చోట్ల స్టేటస్ (తరచూ ఎగిరేవాళ్లకి ఎయిర్‌లైన్ ఇచ్చే హోదా) ఉన్నవాళ్లకి, ఆ ఎయిర్‌లైన్ క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లకి ధర తగ్గించి చూపిస్తారు. డెల్టా 2023 నుంచి కొన్ని కార్డుల మీద తన సొంత ఫ్లైట్ల అవార్డు టికెట్లకి 15 శాతం తగ్గింపు ఇస్తోంది. లాగిన్ కాకుండా చూస్తే ఆ ధర మీ కంట పడదు.

ఎంతమంది వెళ్తున్నా మొదట ఒక్కరికే వెతకండి. ఇది చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఎయిర్‌లైన్ సీట్లను ధరల వారీగా చిన్న చిన్న గంపల్లో పెట్టి అమ్ముతుంది. చౌక గంపలో ఒక్క సీటే మిగిలిందనుకోండి. మీరు ఇద్దరికి అని వెతికితే, ఇద్దరికీ సరిపడా సీట్లున్న పై గంప దగ్గరికి సిస్టమ్ వెళ్లిపోతుంది. ఇద్దరికీ ఆ ఎక్కువ ధరే చూపిస్తుంది. ఒకరికి 20,000 కనిపించిన ఫ్లైట్ ఇద్దరికి అనగానే తలా 32,000 అయిందంటే సంగతి ఇదే. అప్పుడు ఒక టికెట్ 20,000కి, రెండోది 32,000కి విడివిడిగా బుక్ చేస్తే 12,000 మిగులుతాయి. ఒక ఇబ్బంది ఉంది. రెండూ వేర్వేరు పీఎన్‌ఆర్‌లు అవుతాయి కాబట్టి ఫ్లైట్ రద్దయితే మిమ్మల్ని చెరో దారి పట్టించే ప్రమాదం ఉంది. బుక్ చేశాక ఫోన్ చేసి, రెండు పీఎన్‌ఆర్‌లూ కలిసి ప్రయాణిస్తున్నవాళ్లవని నోట్ పెట్టమని చెప్పండి. చిన్నపిల్లలు వెంట ఉంటే ఈ పొదుపు జోలికి పోకండి.

రానూపోనూ కలిపి వెతకకుండా వెళ్లేది వేరు, వచ్చేది వేరుగా చూడండి. వెళ్లేటప్పుడు ఒక ప్రోగ్రామ్‌లో చౌక, వచ్చేటప్పుడు ఇంకో దాంట్లో చౌక కావడం మామూలే. తేదీని అటూ ఇటూ మూడేసి రోజులు జరిపి చూడండి, పక్క ఎయిర్‌పోర్టు కూడా చూడండి. డైరెక్ట్ ఫ్లైట్ కన్నా ఒకచోట దిగి మారేది తక్కువకి రావచ్చు. అలాగని, మధ్యలో దిగిపోయి చివరి ముక్క వదిలేద్దామని మాత్రం ప్లాన్ వేయకండి. ఒక ముక్క ఎక్కకపోతే ఆ టికెట్‌లో తర్వాతవన్నీ రద్దవుతాయి, కొన్ని కంపెనీలు ఖాతా కూడా మూసేస్తాయి.

బ్రౌజర్ కుకీలు చెరిపేస్తే ధర తగ్గుతుందని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నేనూ చాలాసార్లు చేసి చూశాను, ఏ లాభమూ కనిపించలేదు. ఆ సమయంలో ఇంకో తేదీ వెతకండి.

అదే సీటు ఇంకో కౌంటర్‌లో ఎంతుందో చూడండి

స్టార్ అలయన్స్ 1997లో, వన్‌వరల్డ్ 1999లో, స్కైటీమ్ 2000లో మొదలయ్యాయి. ఒక కూటమిలో ఉన్న ఎయిర్‌లైన్లు ఒకదాని సీట్లను ఇంకొకటి మైల్స్‌కి ఇస్తాయి. యునైటెడ్ నడిపే ఫ్లైట్‌లో సీటుని ఎయిర్ కెనడా ఏరోప్లాన్ పాయింట్లతోనూ, క్రిస్‌ఫ్లయర్ మైల్స్‌తోనూ తీసుకోవచ్చు. విమానం ఒకటే, సీటు ఒకటే, ఒక్కో ప్రోగ్రామ్‌లో ఒక్కో ధర. సొంత ఫ్లైట్లకి డైనమిక్ పెట్టినవాళ్లలో కొందరు పార్ట్‌నర్ ఫ్లైట్లకి ఇంకా పట్టికే వాడుతున్నారు. ఏరోప్లాన్ చాలామంది పార్ట్‌నర్ల విషయంలో అలాంటిదే, దూరాన్ని బట్టి పట్టిక ఉంటుంది.

అయితే పార్ట్‌నర్లకి ఇచ్చేవి కొన్ని సీట్లే. సొంత సైట్‌లో సీటు కనిపించింది కదా అని పార్ట్‌నర్ దగ్గరా ఉంటుందనుకోవద్దు. ఒక్కోసారి దీనికి తిరకాసు: పార్ట్‌నర్ సైట్‌లో సీటు కనిపిస్తుంది, నొక్కితే ఎర్రర్ వస్తుంది. ఆ సీటు నిజానికి ఎప్పుడో అయిపోయింది, ఆ సైట్‌కి ఇంకా కబురు అందలేదు. ఇలాంటి దెయ్యం సీట్లకి మోసపోకుండా అదే కూటమిలోని ఇంకో ఎయిర్‌లైన్ సైట్‌లో కూడా వెతికి రూఢి చేసుకోండి.

ధరతో పాటు పక్కన ఉన్న నగదు అంకె కూడా చూడాలి. కొన్ని ప్రోగ్రామ్‌లు అవార్డు టికెట్ మీద అసలు టాక్సులే కాకుండా, ఎయిర్‌లైన్ తనే వేసుకునే సర్‌చార్జ్ కూడా వసూలు చేస్తాయి. టికెట్ వివరాల్లో అది వైక్యూ, వైఆర్ అన్న కోడ్‌లతో కనిపిస్తుంది. మైల్స్ తక్కువే అని మురిసిపోయి చివరి పేజీకి వెళ్తే కొన్ని వందల డాలర్లు అడుగుతుంది. యునైటెడ్ తన మైల్స్‌తో తీసుకునే అవార్డు టికెట్ల మీద ఈ సర్‌చార్జ్ వేయదు. ఏవియోస్ పాయింట్లయితే బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబీరియా, ఎయిర్ లింగస్, ఖతార్, ఫిన్ఎయిర్ ఖాతాల మధ్య ఒకటికి ఒకటి లెక్కన జరుపుకోవచ్చు. కాబట్టి బుక్ చేసే ముందు ఒకే ఫ్లైట్‌కి ఏ ఖాతా నుంచి ఎంత నగదు పడుతుందో పోల్చి చూడండి.

పాయింట్లు ట్రాన్స్‌ఫర్ చేయడం అన్నిటికన్నా చివర

బ్యాంకు కార్డు పాయింట్లను ఎయిర్‌లైన్‌కి పంపాక వెనక్కి తీసుకోవడం కుదరదు. కార్డు దగ్గర ఉన్నంతవరకు అవి పది చోట్ల పనికొస్తాయి, పంపాక ఒక్కచోటే. సీటు కళ్లతో చూశాక, తేదీలు ఖాయమయ్యాక, సర్‌చార్జ్ సంగతి కూడా తేల్చుకున్నాకే పంపండి. కొన్ని ట్రాన్స్‌ఫర్లు నిమిషంలో అయిపోతాయి, కొన్నిటికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆలస్యమయ్యే రకమైతే పాయింట్లు వచ్చేలోపు సీటు పోవచ్చు, ధర పెరగవచ్చు. అలాంటిచోట నేను మొదటిసారి కొద్దిగా మాత్రమే పంపి, ఎంతసేపట్లో చేరాయో చూసుకుంటాను. ట్రాన్స్‌ఫర్ మీద 30 శాతం బోనస్ అని మెయిల్ వచ్చినా అంతే, ప్రయాణం లేకపోతే కదలను.

మైల్స్ డబ్బిచ్చి కొనుక్కోవడం గురించి ఒక్క మాట. ఒక టికెట్‌కి రెండు మూడు వేలు తక్కువైతే కొనండి. ఊరికే నిల్వ పెట్టుకోవడానికైతే వద్దు.

ఎప్పుడు వెతకాలి

అమెరికన్ 331 రోజుల ముందు, యునైటెడ్ 337 రోజుల ముందు, బ్రిటిష్ ఎయిర్‌వేస్, సింగపూర్ 355 రోజుల ముందు టికెట్లు తెరుస్తాయి. పట్టిక రకంలో, ముఖ్యంగా సెలవుల సీజన్‌కి, తెరిచిన రోజే వెతకడం మంచిది. డైనమిక్ రకంలో మరీ ముందుగా వెతికితే ధర ఎక్కువే ఉండవచ్చు, తర్వాత దిగుతుంది. చివరి రెండు వారాల్లో అమ్ముడుపోని సీట్లను కొన్ని ఎయిర్‌లైన్లు అవార్డుకి వదులుతాయి. ఇంటర్వ్యూ ఉంది, పెళ్లి ఉంది అంటే దాని మీద ఆధారపడొద్దు. ఎప్పుడైనా సరే, ఎక్కడికైనా సరే అనేవాళ్లకే అది పని చేస్తుంది. అలాంటివాళ్లు నెలనెలా వచ్చే ఫ్లయింగ్ బ్లూ ప్రోమో రివార్డ్స్, క్రిస్‌ఫ్లయర్ స్పాంటేనియస్ ఎస్కేప్స్ లాంటి తగ్గింపులు చూస్తూ ఉండవచ్చు. క్యాన్సిల్ నిబంధనలు మాత్రం చదివి తీసుకోండి.

బుక్ చేశాక కూడా చూస్తూనే ఉండండి

మొదట్లో చెప్పిన 34,000 సీటు విషయంలో నేను చేసిన తప్పు రాత్రిదాకా ఆగడం. క్యాన్సిల్ చేస్తే మైల్స్ పూర్తిగా వెనక్కి వచ్చే టికెట్ అది. పొద్దునే బుక్ చేసి, ఇంట్లో వద్దంటే రాత్రి రద్దు చేసుకుంటే పోయేది. ఈ ఒక్క అలవాటు వల్ల నాకు మిగిలినన్ని మైల్స్ ఇంకే చిట్కా వల్లా మిగల్లేదు.

యునైటెడ్, అమెరికన్ లాంటివి చాలా రకాల అవార్డు టికెట్లను బయల్దేరే లోపు రద్దు చేస్తే రుసుము లేకుండా మైల్స్ వెనక్కి ఇస్తాయి. బేసిక్ ఎకానమీ పేరుతో వచ్చే చౌక రకాలకి నిబంధనలు వేరు. ఇంకొన్ని ప్రోగ్రామ్‌లలో రద్దుకి రుసుము ఉంటుంది. కాబట్టి బుక్ చేసే పేజీలోనే ఎంత పోతుందో చదవండి. రద్దు ఉచితమైతే, గీత లోపల ఉన్న ధర కనిపించగానే తీసేసుకోండి. తర్వాత వారానికోసారి, ప్రయాణం నెలలోపుకి వచ్చాక రెండు మూడు రోజులకోసారి అదే ఫ్లైట్‌ని కొత్తగా వెతకండి. ధర దిగితే తక్కువకి మళ్లీ తీసుకుని పాతది వదిలేయడమే.

ఇక్కడ వరస తప్పకూడదు. ఖాతాలో సరిపడా మైల్స్ ఉంటే ముందు కొత్తది బుక్ చేసి, కన్ఫర్మేషన్ వచ్చాక పాతది రద్దు చేయండి. ఒకే మనిషి పేరు మీద ఒకే ఫ్లైట్‌లో రెండు టికెట్లు కనిపిస్తే కొన్ని సిస్టమ్‌లు వాటంతటవే ఒకదాన్ని ఎగరగొడతాయి, కాబట్టి ఆలస్యం చేయకండి. మైల్స్ చాలకపోతే పాతదాన్నే మార్చడానికి చేంజ్ ఆప్షన్ ఉందేమో చూడండి. కొన్ని సైట్లలో తేడా మైల్స్ అక్కడికక్కడే వెనక్కి వేస్తారు. అదీ లేక, ముందు పాతది రద్దు చేసి తర్వాత కొత్తది తీసుకోవాల్సి వస్తే, తగ్గే మైల్స్ ఆ రిస్క్‌కి సరిపోతాయా అని ఆలోచించండి. రద్దు చేసిన మైల్స్ ఖాతాలోకి వచ్చేసరికి చౌక సీటు వేరేవాళ్లు ఎగరేసుకుపోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతాం. వెయ్యి మైల్స్ కోసం నేనా పని చేయను, పది వేలకైతే చేస్తాను.

ఎయిర్‌లైన్ తనే ఫ్లైట్ సమయం బాగా మార్చేస్తే విసుక్కోకండి. అదే రోజు మీకు అనువైన వేరే ఫ్లైట్‌లోకి అదనపు మైల్స్ లేకుండా మార్చమని అడగడానికి అంతకన్నా మంచి అవకాశం రాదు. చాట్‌లో కాదంటే ఫోన్ చేయండి, ఒకరు కాదంటే ఇంకొకరితో మాట్లాడండి.

కూడబెట్టి కూర్చోకండి

2020లో విమానాలు నేల మీదే ఉన్నప్పుడు యునైటెడ్ తన మైలేజ్ ప్లస్ ప్రోగ్రామ్‌ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు సమకూర్చుకుంది. మైల్స్ వాళ్లకి ఎంత పెద్ద వ్యాపారమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. బ్యాంకులకి మైల్స్ అమ్ముతూ పోతారు, చలామణిలో అవి పెరిగేకొద్దీ టికెట్ ధరా పెరుగుతుంది. నిబంధనలు ఎప్పుడైనా మార్చే హక్కు మాదేనని దాదాపు ప్రతి ప్రోగ్రామ్ షరతుల్లోనూ ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో అమెరికా రవాణా శాఖ అమెరికన్, డెల్టా, సౌత్‌వెస్ట్, యునైటెడ్‌ల నుంచి ఈ మైల్స్ విలువ తగ్గించడం మీదే వివరాలు అడిగింది. ఆ వివరాల సంగతి ఎలా ఉన్నా, మీ ఖాతాలోని మైల్స్ వడ్డీ రాని డిపాజిట్. ఒకటి రెండేళ్లలో చేసే ప్రయాణానికి సరిపడా ఉంచుకోండి, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోండి.

గడువు కూడా చూసుకోవాలి. డెల్టా, యునైటెడ్ మైల్స్‌కి గడువు లేదు. క్రిస్‌ఫ్లయర్ మైల్స్ సంపాదించిన 36 నెలలకి పోతాయి, ఖాతా వాడుతున్నా సరే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏవియోస్ అలా కాదు, 36 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతేనే పోతాయి, కాబట్టి మధ్యలో ఒక్క పాయింటు వచ్చినా చాలు. ఫోన్ క్యాలెండర్‌లో గడువుకి మూడు నెలల ముందు తేదీకి రిమైండర్ పెట్టేసుకోండి.

టికెట్ నిజంగా వచ్చిందా

చివరి పని, చాలామంది మర్చిపోయేది. "మీ బుకింగ్ అందింది" అన్న మెయిల్, టికెట్ ఒకటి కాదు. ఆరు అక్షరాల పీఎన్‌ఆర్ వచ్చినంత మాత్రాన సీటు ఖాయం కాలేదు. 13 అంకెల ఈ-టికెట్ నంబర్ ఉండాలి. యునైటెడ్ ఇస్తే అది 016తో, అమెరికన్ ఇస్తే 001తో, సింగపూర్ ఇస్తే 618తో మొదలవుతుంది. ముఖ్యంగా పార్ట్‌నర్ ఫ్లైట్ అయితే విమానం నడిపే ఎయిర్‌లైన్ పీఎన్‌ఆర్ వేరుగా ఉంటుంది, అది అడిగి తీసుకుని వాళ్ల సైట్‌లో వేసి చూడండి. మీ పేరు, సీటు, లగేజీ అక్కడ కనిపించాలి. ఒక రోజు దాటినా ఆ 13 అంకెలు రాకపోతే మెయిల్ కోసం ఎదురుచూడకండి, మైల్స్ తీసుకున్న ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి టికెట్ ఇష్యూ చేయమని అడగండి.